లచ్చవ్వ దీవెన భూపాలపల్లికి పోయిన రోజు

భూపాలపల్లి,
ఫిబ్రవరి 17

అక్క సుమలతకు,

మేమంతా బాగున్నాం. మీరు కూడా బాగున్నారని తెలిసింది కాబట్టి అడగడం లేదు.

ఇవి ఫోనులో చెప్పాల్సిన మాటలే. కానీ ఫోనులో నేను సగం మాట అనేలోపు నువ్వు నాలుగు మాటలంటావు. చివరికి తప్పు నాదేనని ఒప్పుకొని పెట్టేస్తాను. చిన్నప్పటి నుంచీ మనిద్దరికీ అదే వరస. ఈసారి అట్ల కావద్దని కాగితం తీసుకున్నాను. నువ్వు ఫోను చేసినా ఎత్తను. చెప్పేది ఏమన్నా ఉంటే రాయి.

నిన్న ఆదివారం కల్యాణికి పెళ్లి ఖాయం చేసుకొని పూలుపండ్లు పెట్టుకున్నాం. నాకున్నది ఒక్క బిడ్డ. మన ఇండ్లలో మేనత్త వచ్చి మొదటి బొట్టు పెట్టాలని నీకు నేను నేర్పాలా? నేనూ నీ మరదలు శారదా జనగామ దాకా వచ్చి, బొట్టు పెట్టి పిలిచిపోయాం. అప్పుడు తప్పకుండా వస్తానన్నావు. తీరా శనివారం సాయంత్రం ఫోను చేసి, "బండి మానుకోటల రిపేరుకిచ్చినం తమ్మీ, గింకా చేతికి రాలే. మీ బావకు మోకాలు ఆపరేషనాయె, బస్సెక్కలేడు. కుట్లు గూడ ఇప్పలేదు, ఒక్కన్ని ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?" అన్నావు. సరే అన్నాను. శారద ముఖం చిన్నబుచ్చుకుంటే, బావ సంగతి మనకు తెలియదా అని నేనే సముదాయించాను.

పొద్దున పెరుగు తక్కువైందంటే బజారుకు పోయాను. మా ఇంటికి రెండు గల్లీల అవతల, పెద్ద రోడ్డు మీది ఫంక్షన్ హాలు ముందు నీ కారు కనబడింది. తెల్ల కారు. వెనుక అద్దం మీద మనను కన్న అవ్వ పేరు, 'లచ్చవ్వ దీవెన'. ఆ అక్షరాలు జనగామలో నేనే దగ్గరుండి రాయించాను కదా, మరిచిపోతానా? నంబరు కూడా చూశాను. ముందర బంతిపూల దండలు, పక్కన తళుకు కాగితాలు. ఎవరి పెళ్లో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

నా ఊరికి వచ్చి, నా గడప తొక్కకుండా, ఇంకొకరి పెళ్లి భోజనం తిని పోయావు. బావ మోకాలు ఆ పెళ్లికి మాత్రం బాగానే వంగినట్టుంది. రావాలని లేకపోతే లేదని చెప్పొచ్చు కదక్కా. అబద్ధం దేనికి?

వైశాఖంలో పెళ్లి పెట్టుకున్నాం. కార్డు పోస్టులో వస్తుంది. వీలైతే రండి.

తమ్ముడు,
వీరస్వామి


జనగామ,
ఫిబ్రవరి 21

శ్రీ వీరస్వామి దొరవారికి,

నీ ఉత్తరం అందింది. చదివాను. మళ్లీ చదివాను. తర్వాత నీ నంబరుకు ఫోను చేశాను. ఎత్తలేదు. మంచిది. నాకూ చేయి ఉంది, నేనూ రాయగలను.

పోస్టులో కార్డు పంపుతావా? నాకా? తోడబుట్టిన ఆడపిల్లను ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా, కరెంటు బిల్లు వేసినట్టు కార్డు వేస్తావా? పంపి చూడు. ఆ కార్డు పట్టుకొని నీ బొగ్గు బాయి దగ్గరికే వస్తా, షిఫ్టు దిగి వచ్చే నీ తోటి కార్మికులందరి ముందూ చదివి వినిపిస్తా.

ఇక అబద్ధం సంగతి. జనవరి చివర్లో డోర్నకల్‌లో మీ బావ వాళ్ల అక్కను చూసి తిరిగి వస్తుంటే, మహబూబాబాద్, అదే మన మానుకోట, దాటకముందే బండి గేరు పడక రోడ్డు మీద నిలిచిపోయింది. బావ అప్పటికే కాలు పట్టుకొని మూలుగుతున్నాడు. ఎవరో తాడు కట్టి లాగి సదానందం అనే ఆయన షెడ్డుకు చేర్చారు. మనిషి మర్యాదగా కనబడ్డాడు. "పరేషాన్ గాకున్రి అక్కా, అంత నేను జూస్కుంట" అని బావకు కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను ఊరుకుంటానా? "నీ ఇంటి బండనుకొని జూస్కో తమ్మీ" అని తాళం చేతిలో పెట్టి రైలెక్కాం. ఆ వారమే బావకు ఆపరేషన్. అప్పటి నుంచి ఎప్పుడు ఫోను చేసినా ఒకటే పాట. సామాను హైదరాబాదు నుంచి రావాలె అక్కా, రేపు అక్కా, ఎల్లుండి అక్కా. శనివారానికి తప్పకుండా ఇస్తానని ఒట్టు పెట్టాడు, ఇవ్వలేదు. గేరే పడని బండి భూపాలపల్లికి ఎట్ల వచ్చిందిరా? పూలదండ వేసుకొని నడిచి వచ్చిందా?

ఆ ఆదివారం నేను ఎట్లున్నానో నీకేం తెలుసు? కల్యాణికి కొన్న పట్టుచీర ముందర పెట్టుకొని కూర్చున్నాను. ఇప్పుడు పిల్లను పీట మీద కూర్చోబెట్టి ఉంటారు, ఇప్పుడు పండ్లు పెట్టి ఉంటారు అని బావను సతాయించాను. ఆయన విసిగిపోయి, "నన్ను గోనెసంచిల కట్టి బస్సు మీదెయ్యి, పోదాం" అన్నాడు. మిషను మీద నాలుగు జాకెట్లు కుడితే నాలుగూ మళ్లీ విప్పాల్సి వచ్చింది.

లచ్చవ్వ అంటే మన అవ్వ ఒక్కతేనా? ఊరికి పది మంది ఉంటారు. అది వేరే ఎవరి బండో అయి ఉంటుంది. ఈ మాట రాసి కలం పక్కన పెట్టాను. కానీ నంబరు కూడా చూశానన్నావు. ఆ ఒక్క మాట నన్ను తొలుస్తున్నది. బావకు కుట్లు విప్పారు, కర్ర పట్టుకొని వాకిట్లోకి వస్తున్నాడు. పక్కింటివాళ్లను ఒక పూట చూసుకోమని చెప్పి మానుకోట పోయి వస్తా. బండి కదలకుండా అక్కడే ఉంటే మాత్రం, ఒరేయ్, నీకు కళ్లద్దాలు నేనే కొనిస్తా.

నీ అక్క,
సుమలత


భూపాలపల్లి,
ఫిబ్రవరి 26

అక్కకు,

నేను బాయిలో చీకట్లో పని చేసేవాణ్నే కానీ పట్టపగలు కండ్లు కనబడతాయి. నంబరు అదే. నాకు కళ్లద్దాలు వద్దు.

షెడ్డువాని మీదికి తోయడం తేలిక. ఎక్కడో మానుకోటలో ఉన్నవాడు, వచ్చి కాదని చెప్పడు కదా. నేను చూసింది బండిని మాత్రమే అయితే నువ్వు చెప్పేది నమ్మేవాణ్ని. విన్నది కూడా ఉంది. అది రాయను. రాస్తే నాకే సిగ్గు.

నీ ఉత్తరం కల్యాణి తీసుకొని చదివింది. "అత్తమ్మకు కోపమొస్తది గాని అబద్ధం రాదు బాపూ" అన్నది. ఆ పిల్లకు లోకం తెలియదు. శారద ఆ ఉత్తరం మడిచి పెట్టెలో దాచింది.

ఇంకా రాయాలని లేదు.

వీరస్వామి


మహబూబాబాద్ రైల్వే స్టేషను,
మార్చి 3

తమ్మీ వీరస్వామీ,

రైలు ఆలస్యం అంటున్నారు. పుస్తకాల దుకాణంలో తెల్లకాగితాలు కొనుక్కొని బెంచీ మీద కూర్చొని రాస్తున్నాను. కాగితం ఒళ్లో పెట్టుకొని రాస్తున్నా, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

చెప్పకుండానే పోయాను. నా బండి షెడ్డు బయట ఎండలో నిలబెట్టి ఉంది. చక్రాల పైన, తలుపుల కింద నల్లటి దుమ్ము పట్టుకొని ఉంది. ఇక్కడి మట్టి ఎరుపు. ఆ నలుపు నాకు తెలియనిదా? నీ బట్టలు ఉతికి ఆరేసిన రోజులు మరిచిపోయానా? తలుపు తీసి చూస్తే కాళ్ల కింద అక్షింతలు. సీటు సందులో ఎండిన బంతిపూలు, నలిగిన తమలపాకులు. నువ్వు చూసింది నిజం తమ్మీ. అది మన బండే.

సదానందం ఒక జీపు కింద పడుకొని పని చేస్తున్నాడు. చెప్పులు చూసి నేనని తెలియలేదు.

"సదానందం, నా బండి సామానొచ్చిందా?" అన్నాను.

"గింకా రాలేదక్కా, రేపు..." అంటూనే బయటికి పాకి వచ్చాడు. నన్ను చూసి జీపు పట్టుకొని నిలబడ్డాడు.

"మరి బండిల గీ అక్షింతలెవలియి? గేరుబాక్సుకు పెండ్లి జేసినవా?"

"ట్రయలేసినక్కా."

"ట్రయలా? మానుకోట నుంచి భూపాలపల్లి దాక ట్రయలా? పెండ్లికొడుకును పక్కన కూసోవెట్టుకొనా?"

"మీరే అంటిరి గదక్కా, నీ ఇంటి బండనుకొమ్మని..."

నాకు ఎక్కడ లేని మంట లేచింది. అంతలో పక్కన చాయ్ హోటల్ నడిపే యాకమ్మ అనే పెద్దామె గిన్నె పట్టుకొనే వచ్చింది. "ఒక్క భూపాలపల్లేనా బిడ్డా? మాఘమాసం మొత్తం గీ కారే తిరిగింది. మా మనుమరాలి అప్పగింతలు గూడ గీండ్లనే. మస్తు నడుస్తది బిడ్డా నీ బండి!" అని మెచ్చుకున్నది కూడా. ఆ పిల్ల ఏడ్చుకుంటూ అత్తగారింటికి పోయింది నా సీట్ల మీదనట. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

జరిగింది ఇదీ. బండి వారంలోనే బాగైంది. పెళ్లిళ్ల కాలం, కిరాయికి బండ్లు దొరకడం లేదు. ఒక్కసారి తిప్పుదామనుకొని మొదలుపెట్టాడు, రుచి మరిగాడు. మా ఆయన మంచం మీద ఉన్నాడు కాబట్టి ఇప్పుడప్పుడే ఎవరూ రారని ధైర్యం. పోలీసు స్టేషనుకు పోతానన్నాను. కాళ్ల మీద పడ్డాడు. నిజం చెప్పాలంటే నాకూ పోవాలని లేదు. కేసు పెడితే నా బండి స్టేషను ముందర తుప్పు పట్టుకుంటూ ఉంటుంది, నేను దాని చుట్టూ తిరుగుతూ ఉంటాను.

"నువ్వు తిప్పితే తిప్పినవు. ఆ బండిని జూసి మా తమ్ముడు నాతోని మాట బంద్ జేసిండురా," అన్నాను. అప్పుడు వాడి ముఖం మారింది.

"తెల్లంగి, కొత్త కండువా, చేతుల పెరుగు క్యానున్నాయనేనా అక్కా?"

నేను అవును కాదు అనకముందే నేల చూపులు చూస్తూ మొత్తం కక్కేశాడు. వాడన్న మాటలే రాస్తున్నాను. "ఆయనొచ్చి మా అక్కేది అన్నడు. బండోళ్ల మనిషే, దొరికిపోయిన అనుకున్న. ఏం జెప్పాల్నో తెల్వక, అక్క లోపల తింటున్నదన్న. మరి బావ అన్నడు. బావ గూడ అన్న. పోతడనుకుంటి. పోలే. హాలు గేటు దాక పోయిండు. లోపలికి పోతె నా బతుకు బజారే అని నేను చెమటలు గక్కుతున్న. మర్ల ఎన్కకొచ్చిండు. 'మనల పిలువలే గద, పిలువని పెండ్లిల కాలు ఎట్ల వెడ్తం' అని తనల తనే అనుకున్నడు. బండి పక్కనే ఎండల నిలవడ్డడు. ఫోన్లొస్తనే ఉన్నయి. వచ్చినప్పుడల్ల, 'వస్తున్న, అక్కను తోల్కొని వస్తున్న' అన్నడు. శానసేపటికి పోయిండు. పొయ్యేటప్పుడు బండి మీద చెయ్యి వెట్టి పోయిండు అక్కా."

వీరస్వామీ, నేను అక్కడే పాత టైరు మీద కూలబడి ఏడ్చాను. షెడ్డు ముందర, అంతమంది చూస్తుండగా. నీ బిడ్డ పూలుపండ్లు ఇంట్లో పెట్టుకొని, వియ్యంకులను కూర్చోబెట్టి, నువ్వు ఎవరి పెళ్లి గేటు దగ్గరో నా కోసం నిలబడ్డావా? రాయను, సిగ్గు అన్నది దీన్నేనా? ఎంత పిచ్చోడివిరా. ఒక్క అడుగు లోపలికి వేస్తే, అక్క లేదని అప్పుడే తెలిసేది కదా. పిలవలేదట! అంత మర్యాద ఎవరు నేర్పారురా నీకు? మన అవ్వే నేర్పింది. నాకూ అదే నేర్పింది. నీ జాగాలో నేనున్నా గేటు దాటేదాన్ని కాదు.

సదానందానికి ఒకటే మాట చెప్పాను. "నాకు నీ పైసలొద్దు, పోలీసులొద్దు. నా పేరు మీద అబద్ధమాడినవు. ఎవలికి జెప్పినవో ఆయన ముందర నిలవడి, నీ నోటితోనే నిజం జెప్పాలె. గీ బండే తీస్కొని భూపాలపల్లికి పో."

"కొడ్తడేమో అక్కా."

"కొడ్తె తిను."

"పెట్రోలు..."

"పెండ్లిండ్లు తిప్పినప్పుడు నన్నడిగినవా పెట్రోలు?"

తాళం మళ్లీ వాడి చేతిలోనే పెట్టి వచ్చాను. బావకు తెలిస్తే, దొంగకే తాళమిచ్చి వచ్చినవా అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. వాడు వస్తాడో రాడో నాకూ తెలియదు. రాకపోతే బండి పోతే పోయింది, నువ్వు నన్ను నమ్మకపోతే మాత్రం నా వల్ల కాదు తమ్మీ. రైలు వస్తున్నదట. ఉంటా.

నీ అక్క,
సుమలత


భూపాలపల్లి,
మార్చి 10

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. వాడు నిన్న ఆదివారం వచ్చాడు. ఈ రెండు రోజులూ నేను రోడ్డు మీద ఏ తెల్ల కారు కనబడినా అరుగు దిగాను. నువ్వు రాసింది నమ్మక కాదు. వాడు ఎగ్గొడితే నీ బండి పోతుందే, అది కూడా నా వల్లనే పోతుందే అని.

పొద్దున్నే వాకిట్లో బండి ఆగింది. వాడు దిగి, చెప్పులు గేటు బయటే విడిచి వచ్చి నిలబడ్డాడు. కల్యాణి, శారద, పక్కింటి వాళ్లు అందరూ ఉన్నారు. "అన్నా, ఆ రోజు అక్క రాలేదు. బావ రాలేదు. నేనే వాళ్లకు తెల్వకుంట బండి తెచ్చిన. అక్క లోపల తింటున్నదని నీకు అబద్ధం జెప్పిన," అన్నాడు. గట్టిగానే చెప్పాడు, అందరికీ వినబడేటట్టు.

నా చేయి లేచింది అక్కా, దాచడమెందుకు. శారద అడ్డం వచ్చింది. "ఇంటికొచ్చిన మనిషిని ముందుగాల బువ్వ తిననియ్యి. తిన్నంక కొట్టు," అన్నది. పీట వేసి అన్నం పెట్టింది, వంకాయ కూర వేసింది. మన ఇంట్లో అన్నం తిన్నవాణ్ని నేను కొట్టలేనని ఆమెకు తెలుసు. వాడు తల ఎత్తకుండా తిన్నాడు. తిన్నాక తాళం నా చేతిలో పెట్టి, జనగామకు బండి తానే చేరుస్తానన్నాడు. వద్దన్నాను. బస్సు దాకా నేనే నా మోటార్‌సైకిల్ మీద దింపి వచ్చాను. దిగేటప్పుడు, "అక్క మీద కోపం పోయిందా అన్నా?" అని అడిగాడు. "నీ మీద ఉంది, పో" అన్నాను.

నువ్వు అడగలేదు కానీ, అడుగుతావు. ఆ రోజు అక్కడి నుంచి ఫోను ఎందుకు చేయలేదురా అని. జేబులోంచి తీశాను, నీ పేరు దాకా వచ్చాను. చేస్తే నువ్వు జనగామలో ఉన్నానంటావు. లోపల కూర్చొని ఆ మాట అంటే, నీ గొంతుతో ఆ అబద్ధం వినలేననిపించింది. అందుకే చేయలేదు. నువ్వు జనగామలోనే ఉన్నావు, నిజమే చెప్పేదానివి. నేనే చెప్పనివ్వలేదు.

తిట్టడానికే నిలబడ్డానని నువ్వు అనుకోకు. బయటికి వస్తే ఏమీ అడగకుండా చేయి పట్టుకొని ఇంటికి తోల్కపోదామనే నిలబడ్డాను.

ఇంకొకటి చెప్పాలి. ఇది నాకూ నిన్ననే పూర్తిగా అర్థమైంది. ఆ రోజు నేను ఒట్టి చేతులతో ఇంటికి వస్తే, ముహూర్తం దాటుతున్నదని వియ్యంకులు గొణుగుతున్నారు. మన పిన్నమ్మ కుంకుమ భరిణె తీసుకొని, నేను పెడతా అని లేచింది. శారద ఆమె చేయి పట్టుకొని ఆపింది. "మేనత్త ఉండంగ ఇంకొకలెట్ల వెడ్తరు?" అన్నది. పెద్దవాళ్లు ఎంత చెప్పినా వినలేదు. మగపిల్లవాని వాళ్లు వాళ్ల వైపు బొట్టు పెట్టుకున్నారు. మన వైపు బొట్టు ఎవరూ పెట్టలేదు. నేను నీ మీద పళ్లు నూరుతుంటే, ఆమె నీ జాగా నీకు పట్టి ఉంచింది. నిన్న అడిగితే, "వదినె వస్తదని నాకు ఎరుకే," అన్నది.

ఈ ఆదివారం నేనూ శారదా మీ బండి నడుపుకుంటూ వస్తాం. పసుపు కుంకుమ, బట్టలు తీసుకొని, అవ్వ ఉంటే ఎట్ల చేసేదో అట్లనే పిలుస్తాం. నువ్వు గడప మీద నిలబడి నాలుగు తిట్టుకో. అడ్డం చెప్పను.

తమ్ముడు,
వీరస్వామి


జనగామ,
మార్చి 13

ఒరే తమ్మీ,

నీ ఉత్తరం బావకు గట్టిగా చదివి వినిపించాను. నువ్వు ఎండలో నిలబడ్డ ముచ్చట రెండుసార్లు చదివాను. శారద ముచ్చట దగ్గరికి వచ్చేసరికి చదవలేక కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి, కర్ర పక్కన పెట్టి, పట్టుకోకుండా వాకిలి దాకా నడిచాడు. ఎందుకు అంటే, ఆదివారం నా బామ్మర్దికి నడిచి ఎదురు పోవాలె, ఇప్పటి నుంచి అలవాటు చేసుకుంటున్నా అన్నాడు.

శారదకు చెప్పు, ఆమె ముందు నాకు మాటలు రావు, వచ్చినంక కౌగిలించుకుంటా, అదే చాలని. ఇన్నేండ్లలో ఆమెను నేను ఎన్ని మాటలన్నానో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కటి కూడా మనసులో పెట్టుకోలేదు.

నిన్ను తిట్టను. తిట్లు మొత్తం సదానందానికి అయిపోయినయి. నిన్న ఫోను చేసి, అక్కా, మీ తమ్ముడు కొట్టలే, అన్నం పెట్టిండు, దెబ్బల కంటె అదే ఎక్కువ తాకింది అన్నాడు. వైశాఖంలో పెళ్లికి బండి కడిగి, తానే నడుపుతానని మొదలుపెట్టాడు. ఆలోచిస్తా అన్నాను.

ఆదివారం పొద్దున్నే బయలుదేరండి, హన్మకొండలో ఎక్కడా తినకండి. కోడికూర వండుతాను.

మీరిద్దరే వస్తే మాత్రం తలుపు తీయను. కల్యాణిని కూడా తీసుకొని రా. ఆ బొట్టు నేను ఆదివారమే పెడతాను, పెళ్లి దాకా ఆగడం నా వల్ల కాదు.

నీ అక్క,
సుమలత